కువైట్ రింగు

అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్క సందులో, మేడ మీద అచ్చిబాబు ఆఫీసు. ఆడవాళ్లను ఇంటిపనికి కువైట్ పంపే ఏజెంటు అతను. సాయంత్రం వాన పడుతోంది. బెల్లం దిమ్మలు తడిసిపోతాయని కింద మగవాళ్లంతా టార్పాలిన్లు పట్టుకుని పరుగెడుతున్నారు. అతను పంపిన మా అక్క తలుపులమ్మ కువైట్‌లో చచ్చిపోయి నెల దాటినా, శవాన్ని తెప్పించడానికి ఒక్కడూ కదల్లేదు.

"కువైట్ లైను బిజీయే, దుర్గాలక్ష్మీ. నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు అచ్చిబాబు, టీ ఊదుకుంటూ.

"సచ్చిపోయే ముందు మా అక్క నీకెన్నిసార్లు ఫోన్ సేసింది! ఒక్కసారైనా ఎత్తేవా?"

"ఆడోళ్ల ఏడుపులు ఇనుకుంటా కూకుంటే యాపారం సాగుద్దేటి?"

ఒళ్లు మండింది. "నా ఫోనైనా ఎత్తు, సూత్తాను," అని అతని ఎదుటే అతని నంబరు నొక్కాను.

కరెంటు పోయింది.

చెవిలో రింగు మొదలైంది. మన రింగు రెండు పొట్టి మోతలు, జంటగా వస్తాయి. ఇది ఒకటే... పొడుగ్గా. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ పొడుగ్గా ఒకటి. అక్కకి ఫోన్ చేసినప్పుడల్లా విన్నదే. కువైట్ రింగు.

బల్ల మీద అతని ఫోన్ మోగలేదు. వెలగలేదు.

బెల్లం వాసన పోయి గదంతా ఫినాయిలు వాసన కమ్మింది. అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. తడి ఊపిరి... ఆపైన గుసగుస.

"ఆణ్ణి నాకాడికి పంపేత్తావేటి, సెల్లీ?"

"తీసుకుపో," అన్నాను.

కరెంటు వచ్చింది. అతని కుర్చీ ఖాళీ. ఫోన్ లేదు. టీ గ్లాసులో ఇంకా పొగలు. తలుపుకి అడ్డంగా కూర్చున్నది నేనే.

ఆ తర్వాత అతనికి ఎవరు ఫోన్ చేసినా కువైట్ రింగే. దేశం దాటి పారిపోయాడని పోలీసులు తేల్చేశారు. పాస్‌పోర్టు మాత్రం అతని సొరుగులోనే ఉంది.

వారం తిరక్కుండానే మేకులు కొట్టిన అక్క శవపెట్టె మా ఊరు పూడిమడక వచ్చింది. మోసేవాళ్లు శ్మశానం దారిలో దించి ఆయాసపడ్డారు.

"ఏటే దుర్గా, మీ అక్క ఇంత బరువేటి?" అన్నాడు పైడిబాబు మామ.

అచ్చిబాబు నంబరు నొక్కాను.

ఈసారి మన రింగు. పొట్టిగా, జంటగా. పెట్టెకి చెవి ఆన్చాను. లోపల సన్నగా ఫోన్ మోగుతోంది...

ఆగింది. ఎత్తారు.

"పెట్టె తియ్యకే, సెల్లీ," అంది అక్క. "ఆడింకా బతికే ఉన్నాడు."

లోపల గోళ్లతో గీరుతున్న చప్పుడు.

ఫోన్ కట్టేశాను.

"పట్టండి మామా, పొద్దోతంది," అన్నాను. "మట్టి పోసేద్దాం."