అన్నీ తెలిసిన నాయిక

"మీ నాయికకు మూడు చేతులున్నాయి," అంది ఎడిటర్.

రచయిత కుర్చీలో ఇంకా సరిగా కూర్చోనైనా లేదు. బయట వాన. చొక్కా భుజాల దగ్గర తడిసి ముద్దయింది.

ఆమె బల్ల మీద స్టేప్లర్‌ను నిలబెట్టింది. అది నాయకుడు. దాని పక్కన గమ్ సీసా పెట్టింది. అది నాయిక. "ఈమె ఒక చెయ్యి అతని మెడ చుట్టూ ఉంది. రెండోది అతని జుట్టులో ఉంది. మరి దీపం ఆర్పిందెవరు?"

రచయిత గమ్ సీసాను కాసేపు జాలిగా చూశాడు. "పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని విన్నాను గానీ, ఇదెప్పుడూ వినలేదండీ," అన్నాడు.

అది శృంగార నవలలు అచ్చువేసే చిన్న ప్రచురణ సంస్థ. ప్రతి ప్రణయ సన్నివేశాన్నీ స్టేప్లర్‌తో, గమ్ సీసాతో ఆడించి చూడటం ఆమె పద్ధతి. ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఊడిన గుండీ మళ్ళీ ఊడుతోందా, తలుపు గడియ పెట్టారా లేదా అన్నీ తేలాల్సిందే. రచయితలు ఆమె వెనక ఆమెను 'కత్తెర' అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

దీపాన్ని దానంతటదే ఆరిపోనిద్దామని రచయిత ఒప్పుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకుని లేవబోయాడు. కానీ కత్తెర అసలు పేజీ అప్పుడు తీసింది. నాయికకు ఇరవై ఆరేళ్ళు. ప్రసూతి వార్డులో నర్సు. అలాంటిది, నాయకుడు దగ్గరికి రాగానే 'ముద్దు పెట్టుకుంటే ఏమవుతుంది?' అని అడుగుతుంది.

"ఈ పిల్ల రోజూ డ్యూటీలో ఏం చేస్తోందండీ?" అంది కత్తెర.

అతను నవ్వలేదు. పాఠకులకు అలాంటి అమ్మాయే ఇష్టమన్నాడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని పిల్ల కనబడితేనే వాళ్ళు పేజీ తిప్పుతారని, తన ఇదివరకటి పుస్తకాలన్నీ అలాగే అమ్ముడుపోయాయని మర్యాదగానే చెప్పాడు. అమ్ముడుపోవడం వేరు, నచ్చడం వేరు అని ఆమె అంది. మాటా మాటా పెరిగింది.

అద్దాల గదిలోంచి యజమాని బయటికొచ్చాడు. వస్తూనే ఒక్క మాటైనా అనకుండా, ఫ్యానును తడిసిన మనిషి వైపు తిప్పాడు. తర్వాతే తీర్పు చెప్పాడు. ఆ సంస్థకు ఒక ఆనవాయితీ ఉంది. అచ్చుకు ముందు శనివారం సాయంత్రం కొందరు పాఠకులను మేడ మీద గదిలోకి పిలిచి, పుస్తకంలోని ముఖ్యమైన అధ్యాయాన్ని ఎడిటరే పైకి చదివి వినిపించాలి. ఒక్కరు కాదన్నా అది అచ్చుకు పోదు.

"కొత్తగా రాయించి వినిపించు. కాదన్నారో, పాతదే వేస్తాం," అన్నాడాయన. "అప్పుడు నువ్వు నవలలు వదిలేసి స్కూలు గైడ్లు చూసుకోవాలి. రోజుకో రచయితతో పంచాయితీ నావల్ల కాదమ్మా."

"సరే సార్," అంది కత్తెర, క్షణమైనా ఆలోచించకుండా.

ఆమెకు పట్టుదల ఊరికే రాలేదు. కిందటేడు వాళ్ళమ్మ ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి నచ్చాడు, మాటలూ బాగానే సాగాయి. ఆమె ఏ పుస్తకాలు దిద్దుతుందో తెలిశాక మాత్రం అబ్బాయి తల్లి ఫోను చేసి, 'మీ పిల్లకు అన్నీ తెలుసులెండి' అని పెట్టేసింది. ఆ మాట ముల్లులా దిగబడింది. అన్నీ తెలిసిన ఆడపిల్లను ఎవరూ ప్రేమించరా? కనీసం పుస్తకంలోనైనా? అది తేలకుండా గైడ్లు దిద్దుకుంటూ కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు.

మర్నాడు రచయిత పనిచేసే చోటికే వెళ్ళింది. రచయితగా అతనికి పేరైతే ఉంది గానీ, కూడు పెట్టేది కళ్ళద్దాల దుకాణం. అతను కళ్ళు పరీక్ష చేస్తాడు. వచ్చిన వాళ్ళ పని తెమిలేదాకా ఆగమన్నాడు. ఆమె మూలనున్న బల్ల మీద కూర్చుని చూసింది.

ఒక ముసలాయన కుర్చీలో ఉన్నాడు. రచయిత అద్దం మార్చి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతున్నాడు. ముసలాయన తేల్చుకోలేక తడబడితే మళ్ళీ పాతది పెడుతున్నాడు. విసుగు లేదు, తొందర లేదు. 'నాకు తెలీదు బాబూ, నువ్వే చూసి ఇచ్చెయ్' అన్నాడు పెద్దాయన. "కళ్ళు మీవి కదండీ, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు రచయిత, ఇంకో అద్దం తుడుస్తూ.

ముసలాయన వెళ్ళాక కత్తెర లేచి నిలబడింది.

"ఇక్కడ పొద్దస్తమానం అడుగుతారు. మీ నాయకుడు ఒక్కసారి కూడా ఎందుకు అడగడు?"

అద్దం తుడుస్తున్న అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆమెకు ఏమీ తెలియదని రాశారు కాబట్టి. తెలియని మనిషిని అడిగేదేముంది? ఆమెకు తెలిసినట్టు రాయండి. అప్పుడు అతను అడగక తప్పదు."

అతను గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు. చివరికి, అలా రాయడం తనకు చేతకాదేమోనన్నాడు. ఆ గొంతులో మొండితనం లేదు. భయం ఉంది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. రాసేదాకా రోజూ వచ్చి కూర్చుంటానని మాత్రం చెప్పింది. చెప్పినట్టే వచ్చింది. అతను రాసిన కాగితాలు చదివేది, కొట్టేసేది. అద్దాలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆమెను చూసి మీ ఆవిడా అని అడిగితే, అతను ఎర్రబడి లోపలికి పోయేవాడు. ఆమె మాత్రం కాదని తాపీగా చెప్పేది. రానురాను ఆ 'కాదు' కొంచెం ఆలస్యంగా రావడం మొదలైంది.

శనివారం మేడ మీద గది నిండింది. ముందు వరసలో రిటైరైన నర్సు. ఆ పక్కన టైలరమ్మ, మెడలో టేపు తియ్యడం మరిచిపోయి వచ్చింది. వెనక ఒక అత్తా కోడలూ. గోడ పక్కన యజమాని. రచయిత తలుపు దగ్గర, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

కత్తెర చదవడం మొదలుపెట్టింది. గొంతులో ఏ భావమూ చూపకూడదని నియమం. నాయకుడు తలుపు మూశాడు, దగ్గరికి వచ్చాడు, నీకేం ఇష్టమని అడిగాడు. నాయిక అతని కళ్ళలోకి చూసి చెప్పడం మొదలుపెట్టింది.

"కాస్త గట్టిగా చదువమ్మా, నాకు చెవులు సరిగా వినబడవు," అంది వెనకనుంచి అత్తగారు.

కోడలు తల దించేసుకుంది. కత్తెర దించుకోలేదు. నాయిక చెప్పిన ప్రతి మాటనూ, కింద వీధిలో పోయేవాళ్ళకు సైతం వినబడేట్టు, బస్సు వేళలు ప్రకటించినట్టుగా చదివింది. అయిపోయాక అత్తగారు తృప్తిగా తల ఊపింది. కోడలి భుజం తట్టి, ఇంటికెళ్ళాక వాడిక్కూడా చదివి వినిపించమంది.

తమ వార్డులో పాత నాయికలాంటి పిల్ల ఒక్క షిఫ్టు కూడా నిలిచేది కాదని, ఈ పిల్లే నయమని నర్సు తేల్చేసింది. అందరి చూపూ టైలరమ్మ మీద పడింది.

"నాకు పాత పిల్లే ఇష్టం," అంది టైలరమ్మ.

గది చల్లబడింది. కత్తెర గుండె జారినా గొంతు జారనివ్వలేదు. ఎందుకని అడిగింది.

టైలరమ్మ మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. "ఏమీ తెలియని పిల్లయితే ఆ అబ్బాయి తొందరపడడు. మెల్లగా, బతిమాలుకుంటూ వస్తాడు. మా ఆయన నాకన్నీ తెలుసనే అనుకున్నాడు తల్లీ. ఒక్కసారైనా ఆగి చూడలేదు. అందుకే ఆ పుస్తకాలు కొనుక్కునేదాన్ని."

నర్సు తన చేతిసంచి తెరిచి, వెతకాల్సిందేమీ లేకపోయినా అందులో వెతకసాగింది.

కత్తెర కాగితాలు పక్కన పెట్టింది. పాఠకులకు నచ్చేది అమాయకురాలని ఇన్నాళ్ళూ అందరూ పొరబడ్డారు. వాళ్ళకు నచ్చింది ఆమె కోసం ఆగిన మనిషి. "అక్కా, మరి ఈ కొత్తదాంట్లో అతను తొందరపడ్డాడా?" అని అడిగింది.

టైలరమ్మ ఆలోచించింది. "మళ్ళీ చదువు," అంది.

కత్తెర మళ్ళీ చదివింది. ఈసారి నియమం కొంత తప్పింది. అతను అడిగిన చోట గొంతు మెత్తబడింది.

"లేదు. ఆగాడు," అంది టైలరమ్మ చివరికి. "వేసుకోండి. కానీ ఆ పిల్లను కాస్త సిగ్గుపడనివ్వండమ్మా. తెలిసినవాళ్ళకు సిగ్గుండకూడదని ఎక్కడైనా రాసుందా?"

తలుపు దగ్గరి రచయిత వెంటనే, "ఆ ముక్క నేను ముందే రాశానండీ, ఈవిడే కొట్టేశారు," అన్నాడు. గదంతా నవ్వింది. కొట్టేసిన ముక్కను తిరిగి పెట్టడానికి కత్తెర ఒప్పుకుంది. ఆమె అలా ఒప్పుకోవడం యజమాని ఎప్పుడూ చూడలేదు. గైడ్ల ఊసెత్తకుండా మెల్లగా జారుకున్నాడు.

అందరూ వెళ్ళాక, వాళ్ళిద్దరూ వాన వెలిసేదాకా మెట్ల దగ్గర ఆగారు. రచయిత ఏదో చెప్పబోయాడు. ఈ వాన చినుకులు, ఈ సాయంత్రం, మనసు అనే మహాసముద్రం అంటూ ఒక వాక్యం ఎత్తుకుని, మధ్యలో దారి తప్పి, నిలబడిపోయాడు.

"నేనంటే మీకిష్టం," అంది ఆమె కుండబద్దలు కొట్టినట్టు. "నాకూ మీరంటే ఇష్టం. ఇది చెప్పడానికి సముద్రం దాకా ఎందుకండీ?"

అతను మెట్టు మీద కూలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీకొకటి చెప్పాలి," అన్నాడు. "నా పుస్తకాల్లో ఆ ఏమీ తెలియని అమ్మాయి ఉందే, అది నేనేనండి. ముప్పై ఏళ్ళొచ్చాయి. ఎవరి చెయ్యీ పట్టుకుని ఎరగను. రాసిందంతా ఊహే. మగవాడికి తెలియదంటే నవ్వుతారని ఆ తెలియకపోవడమంతా ఆడపిల్లల మీద పెట్టేశాను."

చెప్పి, ఆమె నవ్వు కోసం తల వంచుకుని ఎదురుచూశాడు.

నవ్వు రాలేదు. ఆమె వచ్చి అతని పక్కన, అదే మెట్టు మీద కూర్చుంది. అన్నీ తెలిసిన పిల్ల అని పేరు మోసిన తనకు, ఇప్పుడు గుండె ఇంత గట్టిగా ఎందుకు కొట్టుకుంటోందో మాత్రం తెలియడం లేదని నెమ్మదిగా చెప్పింది. చెప్తూ సిగ్గుపడింది. అది కొట్టెయ్యాలని ఆమెకు అనిపించలేదు.

"చెయ్యి పట్టుకోవచ్చా?" అన్నాడతను, వినీ వినబడకుండా.

"కాస్త గట్టిగా అడగండి," అంది ఆమె.