శుభ్రమైన ఆంప్యూల్

"సర్వేయర్ బసవపున్నయ్య రేపు పది గంటలకు కోర్టులో ప్రాణాలతో నిలబడాలి. మిషన్ అంతే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ స్టీవెన్ సెల్యూట్ కొట్టాడు. బళ్లారి గనుల జోరులో ఒక విదేశీ ముఠా ఇనుప కొండ కోసం రాష్ట్ర సరిహద్దు రాళ్లనే జరిపించింది. పాస్‌పోర్ట్ లేనిదే విమానం ఎక్కని పెద్దమనుషులు, మన సరిహద్దును మాత్రం గడ్డపారతో పెకలించారు. ఏ రాయి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో తెలిసినవాడు బసవపున్నయ్య ఒక్కడే.

స్టీవెన్ మారువేషం, కూరెకుప్ప ఊళ్లో అంబులెన్స్ పైలట్. అక్కడ డ్రైవర్ని అలాగే పిలుస్తారు. ఆ మాట అతనికి తెగ నచ్చింది. జేబులో, గాజు అవతలి విషాన్ని కూడా పసిగట్టే పెన్ను. పక్కన పారామెడిక్ హన్నా. ఆమె దృష్టిలో అతను క్లచ్ తొక్కడం రాని కొత్తవాడు.

బసవపున్నయ్యను దాచిన గెస్ట్‌హౌస్‌లో మేనేజర్‌గా నటిస్తున్నది మన ఏజెంటే, పేరు క్రిస్టీ. సిల్కు చీర, ఖరీదైన సెంటు. "సిరుగుప్ప సోనా బియ్యం వచ్చిందా?" అని స్టీవెన్ కోడ్ అడిగితే, "కాలువకు నీళ్లు రాలేదు" అని సరైన జవాబే చెప్పింది. ఆ ఉదయం కాఫీకి పిలిచి, మధ్యలో ఫోన్ వచ్చిందని పది నిమిషాలు బయటికి వెళ్లొచ్చింది. బయట అంబులెన్స్ తలుపుకు తాళం లేదన్న సంగతి మన వీరుడికి తట్టలేదు.

మధ్యాహ్నం కబురొచ్చింది. బసవపున్నయ్యకు చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు, పడవు. ఎవరో కూరలో ఆ పొడి కలిపారు. వీళ్లు వెళ్లేసరికి మొహం ఉబ్బిపోయి, ఊపిరి ఈలలా వస్తోంది. స్ట్రెచర్‌తో పాటు క్రిస్టీ కూడా హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని ఎక్కింది.

ఇలాంటప్పుడు బండి కదలకముందే, అన్నిటికంటే ముందు తొడకు ఇవ్వాల్సింది అడ్రినలిన్. ఎవిల్, హైడ్రోకార్టిజోన్ తర్వాత. హన్నా మందుల పెట్టెలోంచి అడ్రినలిన్ ఆంప్యూల్, ఆ చిన్న గాజు బుడ్డి, తీసి, చూసి, ఆగింది. స్టీవెన్ పెన్ను ఆనించాడు. పచ్చ లైటు వెలిగింది.

"విషం లేదు. సేఫ్. ఇచ్చెయ్యండి."

"ఆ పెన్ను పక్కన పెట్టి సుమ్నే, గమ్మునుండప్పా," అంది హన్నా. "ఇది నేను పెట్టింది కాదు. ఈడ దినామూ తుడిచినా ఎర్ర దుమ్ము పోదు. అట్రోపిన్ మీద ఉండాది, ఎవిల్ మీద ఉండాది. అడ్రినలిన్ మూడిటి మీదా లేదు. యాడివి ఇవి?"

అప్పుడు వెలిగింది స్టీవెన్ బుర్ర. విషం కాదు, ఉత్త నీళ్లు. మనిషి తన అలర్జీతోనే పోతాడు, పోస్ట్‌మార్టంలో ఏమీ దొరకదు.

క్రిస్టీ హ్యాండ్‌బ్యాగ్‌ను ఒడిలోకి లాక్కుంది. స్టీవెన్ గుంజుకున్నాడు. లోపల లిప్‌స్టిక్, చిన్న పిస్తోలు, ఎర్ర దుమ్ము పట్టిన మూడు ఆంప్యూల్స్. అసలు మందు తెచ్చి చూపిస్తే గాని ఆ ముఠా సొంత మనిషిని కూడా నమ్మదు. ఛీ, ఇలాంటివాళ్లా కొండలు మింగింది!

బసవపున్నయ్య కళ్లు తేలేశాడు. హన్నా మందు పేరు, తేదీ పైకి చదివి, దుమ్ము పట్టిన ఆంప్యూల్ మెడ విరిచి, తొడకు పొడిచింది. ఆక్సిజన్ పెట్టింది. ఒక నిమిషం గడిచింది. రెండు. ఈల సన్నబడి ఊపిరి అందింది. అప్పటికి క్రిస్టీ చేతులకు బేడీలు పడ్డాయి.

మర్నాడు పది గంటలకు బసవపున్నయ్య ప్రతి రాయి చోటూ కోర్టుకు చెప్పాడు. స్టీవెన్‌కు పతకం వచ్చింది.

హన్నాకు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. మందుల పెట్టెలో దుమ్ము ఎందుకున్నదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.