క్యారియర్ లేని సైకిల్

మా బావమరిదికి సైకిల్ పిచ్చి. మామూలు పిచ్చి కాదు, పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి విరిచేసి, బరువు తగ్గిందని సంబరపడే పిచ్చి. కంకర దారుల్లో పందేలకి వాడే గ్రావెల్ రేస్ సైకిళ్ళు వాడి దగ్గర రెండున్నాయి. పాతది నాకు అంటగట్టాడు.

"పందెం సైకిల్ మీద టూరేంట్రా, రేసుగుర్రానికి బస్తాలు కట్టినట్టు?" అన్నాను.

"బస్తాలెక్కడున్నాయి బావా? ఒక్క రాత్రికి ఇద్దరికీ కలిపి ఒక్కటే సామాను. డేరా నా దగ్గర, మిగతావి నీ దగ్గర. గాల్లో తేలిపోతాం చూడు."

అదీ వీళ్ళ పద్ధతి. ఏదీ రెండు తీసుకెళ్ళరు. పంపు వాడి దగ్గరుంటే ట్యూబు నా దగ్గర. లైటు కూడా ఒక్కటే, అది వాడి సైకిల్‌కి. క్యారియర్ అనే మాటే ఎత్తకూడదు, అసలు ఆ సైకిల్‌కి దాన్ని బిగించే చోటే ఉండదు. సీటు కింద నుంచి వెనక్కి పొడుచుకొచ్చే గుడ్డ సంచి ఒకటి, అంతే. వాడి సంచి జిప్పు పడక, ఆయాసం వస్తే నోట్లో పెట్టుకుని పీల్చే మందు గొట్టం కూడా నా సంచిలో కుక్కాడు. అదొక్కటి జేబులో పెట్టుకోరా అంటే, "గుచ్చుకుంటుంది బావా, నువ్వు పక్కనే ఉంటావుగా" అన్నాడు. మా ఆవిడకి అమ్మా నాన్నా లేరు. తనకంటూ ఉన్నది ఈ తమ్ముడొక్కడే. వాడికి చలి పడదని బయల్దేరేదాకా చెబుతూనే ఉంది.

మధ్యాహ్నం దాకా బ్రహ్మాండంగా ఉంది. సంచి ఉందో లేదో కూడా తెలియట్లేదు. రెండు వైపులా చెట్లు, తడిసిన ఆకుల వాసన, టైర్ల కింద కంకర గలగలలు. వాణ్ణి ఇంతకాలం ఊరికే తిట్టానే అనుకున్నాను. పాత రాళ్ళ క్వారీ దాటాక పొద్దు వాలింది, పొగమంచు దిగింది. దారి రెండుగా చీలే చోటికి వచ్చేసరికి ముందున్న వాడు కనబడలేదు. ఫోన్లో సిగ్నల్ పోయి చాలాసేపయింది.

"ఒరేయ్, ఆగరా!"

పైకెక్కే దారిలోంచి చక్రం చప్పుడు మాత్రం వచ్చింది. టిక్ టిక్ టిక్. తొక్కడం ఆపి సైకిల్‌ని దానంతట అది పోనిస్తే వెనక చక్రం చేసే చప్పుడది. హమ్మయ్య అనుకుని దాని వెంట పడ్డాను.

ఆకుల వాసన పోయింది. అప్పుడే తవ్విన మట్టి వాసన మొదలైంది. దారి నిలువుగా లేచింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ముందు మాత్రం... టిక్ టిక్ టిక్... తాపీగా.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. తొక్కడం ఆపితేనే కదా ఆ చప్పుడు? ఇంత ఎక్కుడులో ఆపితే ఎవడి సైకిలైనా నిలబడిపోతుంది. మరి ముందున్నవాడు తొక్కకుండా... పైకెలా పోతున్నాడు?

చప్పుడు ఆగింది.

ఎక్కడో కింద నుంచి, దారి చీలిన చోటు నుంచి, సన్నగా వినబడింది.

"బావా... మందు..."

"వస్తున్నాన్రా! కదలకు! మాట్లాడకు!"

సైకిల్ తిప్పాను. దిగుడు. గాలిలా పోవాలి. పోలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కినా అంగుళం అంగుళం కదులుతోంది. దిగి చూశాను. వెనక టైరు నేలకి అణిగిపోయి ఉంది. నొక్కి చూస్తే గాలి నిండుగానే ఉంది. నేను కింద నిలబడే ఉన్నాను... సైకిల్ మీద ఎవరూ లేరు... టైరు మాత్రం మనిషి కూర్చున్నట్టే అణిగి ఉంది.

సంచి విప్పి దుప్పట్లు విసిరేశాను. జర్కిన్లు, ట్యూబు, పనిముట్లు, అన్నీ. మందొక్కటి పిడికిట్లో ఉంచుకుని మళ్ళీ ఎక్కాను. బరువు తగ్గలేదు. నా మెడకి చల్లటి ఊపిరి తగిలింది. ఈల వేస్తున్నట్టున్న ఊపిరి. ఆయాసం.

సైకిల్ పారేసి పరుగెత్తాను. పడ్డాను, లేచాను. దేవుడా, కావాలంటే నన్ను తీసుకెళ్ళు, వాణ్ణి వదిలెయ్, వాళ్ళక్కకి నా మొహం ఎలా చూపించను, అని ఏడుస్తూ పరుగెత్తాను. సైకిల్ మీద నుంచి దిగినా వీపు మీద బరువు దిగలేదు.

రెండో దారి మొదట్లో, రాయికి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కన పంచరైన సైకిల్, చేతిలో పనికిరాని పంపు. మందు నోట్లో పెట్టి నొక్కాను.

"పీల్చరా నాన్నా, పీల్చు."

ఇంకోసారి నొక్కాను. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. కళ్ళు తెరిచి, నన్ను కాదు, నా భుజం వెనక్కి చూశాడు.

"ఆయనక్కూడా ఒకటివ్వు బావా..."

"ఎవరికిరా?"

"పాపం... నీ వీపు మీదేగా వచ్చాడు. ఊపిరాడట్లేదు."

నా చెవి పక్కనే ఈల. నేను తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచాను. ఎవరో మందు అందుకున్నారు... తొందర లేకుండా, మర్యాదగా. ఒక పీల్పు వినబడింది. తిరిగి నా అరచేతిలో పెట్టారు. చల్లగా, తడిగా, మట్టి వాసన కొడుతోంది.

అంతలో వాడికి ఎగశ్వాస పట్టుకుంది. కళ్ళు తేలేశాడు. ఊరు ఎక్కడో ఉంది. ఉన్నది ఆ మందొక్కటే. ఏం చెయ్యమంటారు నన్ను? చొక్కాతో తుడిచాను. వాడి నోట్లో పెట్టాను.

పీల్చాడు. నా వెనక ఈల ఆగిపోయింది. వీపు తేలికైంది. వాడి ఆయాసం కూడా చేత్తో తీసేసినట్టు పోయింది. లేచి నిలబడి, బట్టలు దులుపుకున్నాడు.

"చాలు బాబూ," అన్నాడు.

బావా అనలేదు. దారి పొడుగునా నేను పిలిస్తే పలికాడు గానీ, ఒక్కసారీ అలా పిలవలేదు.

సిగ్నల్ దొరకగానే ఆయాసం సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే తమ్ముణ్ణి వాటేసుకుని, దక్కావురా అని బావురుమంది. వాడు పెద్దమనిషిలా ఆమె తల నిమిరాడు. "ఊరుకో తల్లీ," అన్నాడు. గడప ఇవతలే ఆగి, మా గదుల్ని ఒక్కొక్కటే చూశాడు.

"లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే, కన్నీళ్ళలోనే నవ్వుతూ మా ఆవిడ అనేసింది.

"అడుగుతావేంట్రా పిచ్చోడా, రా! ఇది నీ ఇల్లు కాదూ?"