జక్కయ్య గుంత అంచున పట్టిన లెన్సు

నమ్మనోళ్ళు ఇప్పుడే లేచి పోండి. మధ్యలో నవ్వినోణ్ణి మాత్రం ఈ రాత్రికే జక్కయ్య గుంత అంచున నిలబెట్టి వస్తా.

మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీ అది. పొద్దుగూకితే గొర్రె కూడా అటు తల తిప్పదు. చీకట్లో ఎవరో గొణుగుతారంట — "పట్టుకున్నా... పట్టుకున్నా..." అని.

మా పనిలో ఒకటే కట్టుబాటు. బండని ఇద్దరు ఎత్తితే, అవతలోడు "పట్టుకున్నా" అన్నాకనే ఇవతలోడు చెయ్యి తియ్యాలి. నా జతగాడు జక్కయ్య ఆ గుంతలోనే బండ కింద పడి చచ్చిపోయాడు. వాడు అనకముందే నేను వదిలానని ఊరంతా ఒకటే మాట. వాడి పెళ్ళాం నాంచారమ్మ నా నీడ మీద ఉమ్మేది. నాతో జతగా బండ పట్టేదానికి ఒక్కడూ రాలేదు — నిండు ఎద్దుబండిని ఒంటిచేత్తో లేపినోణ్ణి నేను.

గుంతలో దెయ్యం లేదని తేలితే నేను వదిలానన్న మాటా పోతుందనుకున్నా. ఎనభై ఆరు ఎండాకాలం. పెళ్ళిళ్ళకి వీడియో తీసే నాగూర్ వలిని నిండు వెన్నెల రాత్రి గుంత అంచుకి తీసుకుపోయా.

వాడి కెమెరా చెప్పుల డబ్బా అంత. దూరానివి దగ్గరగా చూపించే లెన్సు మాత్రం రోకలంత. స్టాండేమో కెమెరాకే బిగించాడు. బరువంతా ముందుకి లాగి, లెన్సు తగిలించిన చోట కిర్రుమంటోంది.

"కింద అరచెయ్యి పెట్టు మామా. తీశావంటే ఊడి గుంతలో పడుద్ది. నా బతుకంతా అదే," అన్నాడు.

పెట్టా. గంట... రెండు గంటలు... భుజం నిప్పులా మండుతోంది. వలి కెమెరాలో పెట్టిన కన్ను తియ్యలేదు.

అప్పుడు — లెన్సు దూదంత తేలికైపోయింది.

నా చేతి కింద ఇంకో చెయ్యి. చల్లగా... రాతిపొడి గరుకుతో...

చెవి పక్కనే గుసగుస. "పట్టుకున్నా. నువ్వు వదులు."

వదుల్తానా? తెల్లారేదాకా వదల్లేదు. బిగుసుకుపోయిన వేళ్ళని వలి ఒక్కొక్కటే విడదీశాడు.

మధ్యాహ్నం వాడి షాపులో టేపు వేశాడు. బొమ్మ వెంట్రుకవాసి కదల్లేదు. గుంతలో నరమానవుడు లేడు. "పట్టుకున్నా" అన్న మాటా లేదు. వినపడింది ఒకటే గొంతు — నాది. ఏడుస్తా అంటోంది...

"వాడు అనలేదు. నేనే ముందు వదిలా."

అబ్బాయిలూ, ఆ మాట నేను అన్లేదు. నా నోరు మూసే ఉంది. జక్కయ్యే నా గొంతు తొడుక్కుని అన్నాడు.

వలి మిషన్ ఆపాడు. టేపు తీసుకుని నాంచారమ్మ ఇంటికి నడిచాడు.

రాత్రంతా నా పక్కనే ఉన్నాడుగా, నేను నోరు తెరిచానో లేదో పోయి అడగండి. మాచర్ల బస్టాండు వెనక వీడియో షాపు. నన్ను చూస్తే షట్టరు దించుతాడు గానీ, అబద్ధమాడే మనిషి కాదు... నాగూర్ వలి.