జిల్లేడుకు కట్టిన తాళి

శేషసాయి జీవశాస్త్రం చెప్పే అయ్యవారు. సత్యవేడు పక్క ఒక హైస్కూల్లో పదకొండేళ్ళుగా, మూఢనమ్మకాలు నమ్మొద్దని పిల్లలకు చెబుతూ వచ్చాడు. అలాంటివాడు ఒక ఆదివారం తెల్లవారుతుండగా కాలువగట్టు మీద జిల్లేడు చెట్టుకు తాళి కట్టాడు.

అక్క వరదమ్మ పట్టు అది. అతని మొదటి భార్య పెళ్ళయిన ఏడాదికే కామెర్లతో పోయింది. రెండో భార్య కోమలవల్లి పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నగరిలో వేదశ్రీ అనే టీచరమ్మతో సంబంధం కుదిరింది.

"మూడోది అచ్చిరాదురా శేషా. ముందు జిల్లేడుకు కట్టు. అప్పుడు ఆ పిల్ల నాలుగోదవుతాది. కీడంతా చెట్టుకే పోతాది," అంది అక్క.

"పిల్లోళ్ళు సూస్తే నా మొగం యాడ పెట్టుకునేదక్కా?"

"ఎవురూ సూడరు. గమ్మున రా."

ఎదురొమ్ము ఎత్తున్న పాత చెట్టు. మందమైన ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి నూగు. మైనంతో చేసినట్టున్న లేత ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మంత్రాలయ్యాక పురోహితుడు చెప్పాడు: "నాలుగు దినాలు ఈమె మీ భార్యే స్వామీ. రోజూ సాయంత్రం చెంబెడు నీళ్ళు పోయండి. అయిదోనాడు నేనే వచ్చి తాడు విప్పుతాను. అందాకా చిన్నచూపు చూడొద్దు."

సోమవారం సాయంత్రం నీళ్ళసీసా తీసుకుని గట్టెక్కాడు శేషసాయి. మూత తీస్తుండగా వెనక బండి ఆగింది. స్కూల్లో లెక్కలు చెప్పే గోవిందు.

"ఏం సారూ, ఈడుండావు?" అంటూ దగ్గరికొచ్చి, కొమ్మకున్న పసుపుతాడు చూసి పకపకా నవ్వాడు. "సూడప్పా, ఎవుడో జిల్లేడును పెండ్లి చేసుకున్నాడు! ఎవురి పెండ్లామో ఇది?"

శేషసాయి నీళ్ళసీసా వెనక్కి దాచుకున్నాడు. "నాకేం తెలుసు? తెలివిలేని జనం," అని తనూ నవ్వాడు. ఆ నవ్వు చాలదనిపించింది. తాడు పుటుక్కున తెంపి కాలువలోకి విసిరాడు. చెట్టు నడిమి కొమ్మ పట్టుకుని మొదలంటా విరిచాడు. పాలు బొటబొటా కారి ముంజేతి మీద పడ్డాయి.

వెచ్చగా ఉన్నాయి.

ఆ రాత్రి ఎంత రుద్దినా చేతి మీది తెల్ల మరకలు పోలేదు. వాటిని చూస్తుంటే కోమలవల్లి గుర్తొచ్చింది. ఆమెకు మొహాన, చేతులకు బొల్లి మచ్చలుండేవి. ఒకరోజు ఆమె స్కూలు గేటుకు క్యారియర్ తెచ్చింది. అప్పుడే కొత్తగా చేరిన గోవిందు, "ఎవురు సార్?" అని అడిగాడు. "మా ఇంట్లో పనిచేసే ఆమె," అన్నాడు శేషసాయి. ఆమె రెండడుగుల దూరంలోనే ఉంది. క్యారియర్ చేతికిచ్చి తల వంచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ స్కూలు వైపు రాలేదు. ఆ మాట గురించి ఎన్నడూ అడగలేదు. మరుసటేడు జ్వరంతో పోయింది. పోయేముందైనా క్షమించమని అడగడానికి అతనికి నోరు రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం పాఠం జరుగుతుండగా వాచ్‌మన్ చౌడప్ప గుమ్మంలోకొచ్చాడు.

"సార్, గేటు కాడికి ఒకామె వచ్చుండాది. మీ ఇంట్లో పనిచేసే ఆమెనంట."

"మా ఇంట్లో పనిమనిషి లేదు చౌడప్పా."

"అట్లే చెప్పింది సార్. కొంగు ముసుగేసుకోనుండాది. చేతులు మాత్రం..." ఆగాడు. "ఏమో సార్, మీరే వచ్చి సూడండి."

గేటు దగ్గర ఎవరూ లేరు. ఎండలో గోడ మీద ఒక క్యారియర్ ఉంది. మూత తీస్తే ఆవిరొచ్చింది. పాలు పోసి కలిపిన అన్నం. పైకి వచ్చిన వాసన మాత్రం ఆవుపాలది కాదు. పచ్చి జిల్లేడు వాసన... చేదు వాసన.

"ఎవురు సార్ వచ్చింది?" వెనకనుంచి గోవిందు గొంతు.

ఇప్పుడైనా చెప్పాలనుకున్నాడు.

"ఎవరూ కాదు," అన్నాడు.

సాయంత్రం అడుగులు వాటంతటవే గట్టు వైపు నడిచాయి. పొద్దు గూకింది. కాలువలో నీళ్ళ చప్పుడు కూడా లేదు. విరిగిన మొదలు నుంచి పాలు ఇంకా కారుతూనే ఉన్నాయి. అతను విరిచి పారేసిన కొమ్మ మాత్రం అక్కడ లేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "వల్లీ... తప్పయిపోయింది. నువ్వు నా భార్యవి. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడినాను."

చీకటి పడిన కొద్దీ చేదు వాసన చిక్కబడింది. పక్కనున్న జిల్లేడు పొదల్లో ఎవరో మొగ్గలు నొక్కుతున్నట్టు... టప్.

కాసేపాగి... టప్.

వేదశ్రీకి ఫోన్ చేశాడు. చెట్టు పెళ్ళి, స్కూలు గేటు దగ్గర వల్లిని పనిమనిషి అన్న సంగతి, అన్నీ చెప్పేశాడు. "ఇది విన్నాక నన్ను వద్దనుకున్నా సరే," అన్నాడు.



"తెలుసండీ," అంది వేదశ్రీ మెల్లగా. "ఆమె వచ్చి గంటయింది. అంతా చెప్పింది. నా పక్కనే కూర్చోనుండాది. ఇస్తాను, మాట్లాడండి."

ఫోన్ చేతులు మారింది. గాజుల చప్పుడు. ఊపిరి... ఆడమనిషి ఊపిరి. మళ్ళీ వేదశ్రీయే పలికింది, గుసగుసగా.

"మీతో మాట్లాడదంటండీ. మీ పక్కన నిలబడుకోనుండే ఆమె ఎవరో, మిమ్మల్నే చెప్పమంటాండాది."

గట్టు మీద గాలి లేదు. అతని ఎడమ భుజం పక్కన చీర కుచ్చిళ్ళు కదిలిన చప్పుడయింది. వెచ్చటి జిల్లేడుపాల చుక్క ఒకటి ఆ భుజం మీద పడింది.

శేషసాయి తల తిప్పలేదు.