పాతరలో పట్టిన బేసు

1987. శివరాత్రికి ఇంకా ఇరవై రోజులున్నాయి. నరసరావుపేట శివార్లలో త్రికోటేశ్వరరావు ఇంటి వెనక గదిలో పాటలు రికార్డు చేస్తున్నాం. కిటికీలకు గోనెసంచులు, గోడలకు పాత పరుపులు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా కన్ను పొడుచుకున్నా కనపడదు. వేడెక్కిన మిక్సరు వాసన, దూదిలో ఊరిన చెమట వాసన.

నా పేరు ఏసయ్య. మాది రొంపిచెర్ల. తొమ్మిదేళ్ళుగా త్రికోటి అన్న ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. పనిలేక తిరిగే రోజుల్లో నాకు అన్నం పెట్టింది ఆయనే. మద్రాసు నుంచి ఎలక్ట్రానిక్ కీబోర్డు తెప్పించి, "ఇది నీదేరా" అని నా ఒళ్ళో పెట్టిందీ ఆయనే.

ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళకు వెదుళ్ళతో ఆకాశమంత ఎత్తున కట్టి ఊరేగించే ఒక పెద్ద ప్రభ మీద మోగే క్యాసెట్టు మా చేతికొచ్చింది. అది అదిరిందంటే పల్నాడంతా మా పేరే. కానీ బేసు పల్చగా వస్తోంది. అదే వరసను కింది స్థాయిలో మళ్ళీ వాయించి కలిపాను. ట్రెబుల్ తగ్గించాం. టేపు మీద టేపు ఎక్కించాం. చెవికి వినపడుతోంది గానీ గుండెకు తగలడం లేదు.

"పెరట్లో పాతరుంది గదా," అన్నాడు త్రికోటి.

జొన్నలు దాచను వాళ్ళ తాతలు నేలలో తవ్విన పాతర అది. మనిషి పట్టేంత మూతి, కింద గదంత కడుపు, పైన నాపరాయి బండ. బండ జరిపి ఒక స్పీకరు పెట్టె, ఒక మైకు తాళ్ళతో దించాం. నా బేసు అందులో మోగించి, తిరిగొచ్చిన మోతను టేపులో పట్టాం.

ఆ మోతకు నా పక్కటెముకలు అదిరాయి. అంత నిండైన బేసు నేనెప్పుడూ వినలేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. నా స్వరాల అడుగున ఇంకేదో ఉంది. దెబ్బ. మళ్ళీ దెబ్బ. నేను ఆపిన చోట కూడా అది ఆగలేదు.

"ఇదేంది అన్నా?"

"మైకు గోడకు తగులుతంది. దిగి సర్దిరా."

పెరట్లో వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిచ్చెన పట్టుకున్న నన్ను చూసి లేచి వచ్చింది.

"దిగమాక నాయనా," అంది గొంతు తగ్గించి.

"నువ్వు లోపలికి పోమ్మా!" అని అరిచాడు త్రికోటి. ఆయన తల్లి మీద అరవడం నేను చూడటం అదే మొదటిసారి. అయినా దిగాను. అన్న చెప్పాడు కదా.

లోపల ముక్కిన జొన్నల వాసన. దాని కింద మరేదో తియ్యటి కుళ్ళు. మైకు గోడకు జానెడు దూరంలో వేలాడుతోంది. దేనికీ తగలడం లేదు.

అప్పటిదాకా నా బేసు మోగిస్తున్న స్పీకరు ఆగిపోయింది.

దెబ్బ మాత్రం ఆగలేదు. అరచేత్తో మట్టిని కొట్టిన చప్పుడు. గోడ మీద చెయ్యి పెట్టాను... అవతలి నుంచి సరిగ్గా నా అరచేతి మీదే కొట్టారు.

వెనక్కి తిరిగేసరికి నిచ్చెన పైకి పోతోంది.

"అన్నా!"

బండ జరిగింది. వెలుగు గీతలా సన్నబడి పోయింది.

"అన్నా... నేనే... లోపలున్నా!"

పైనుంచి త్రికోటి గొంతు వినపడింది. నాతో కాదు. "పోలయ్యా, నీకు తోడు పంపించా. ఇక నన్నొదిలెయ్యి."

పోలయ్య మా డప్పు కళాకారుడు. నిరుడు హైదరాబాదు పోయాడని, సినిమాల్లో వాయిస్తున్నాడని చెప్పింది త్రికోటే. నేను నమ్మాను. పోలయ్య భార్యకు కూడా నేనే వెళ్ళి చెప్పి వచ్చాను.

చీకట్లో నా మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. ఎంతసేపున్నానో తెలియదు. గడ్డపార గీరుకున్న చప్పుడు... తర్వాత వెలుగు. కోటేశ్వరమ్మ నిచ్చెన దించింది.

"నిరుడు పోలయ్యను మైకు కట్టను దింపాడు. లోపల గాలి ఆడక చచ్చిపోయాడు. పోలీసులకి బయపడి అక్కణ్ణే గోడలో పూడ్చాడు," అంది. "నా కడుపున పుట్టినోడు. ఎవరికి చెప్పుకోను?"

త్రికోటి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు కాదు, పాడైన టేపును చూసినట్టు చూశాడు. తొమ్మిదేళ్ళ అన్నం గొంతులోకొచ్చింది. ఊరికి నడిచాను. ఆ సాయంత్రమే కోటేశ్వరమ్మ మేస్త్రీని పిలిచి పాతర మూతిని సిమెంటుతో మూయించిందని తర్వాత తెలిసింది.

శివరాత్రి రోజు పొద్దున ప్రభ మా ఊరి రోడ్డు మీదుగా కదిలింది. ట్రాక్టరు మీద స్పీకర్లు, మధ్యలో మెడలో దండతో త్రికోటి. బేసుకు రోడ్డు పక్క టీకొట్లో గ్లాసులు కదిలాయి. కుర్రాళ్ళు ఈలలేస్తూ గంతులేస్తున్నారు. పాట మధ్యలో నా కీబోర్డు ఆగే చోట, మట్టి అడుగు నుంచి ఒక గొంతు స్పష్టంగా వినపడింది.

"ఏసయ్యా... బండ తియ్యరా..."

అది త్రికోటి గొంతు. ఆ మాట ఆయన మా టేపులో ఎక్కడా అనలేదు.

త్రికోటి నవ్వు ఆగిపోయింది. జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. పెదాలు కదిపాడు. ఏమన్నాడో ఆ మోతలో వినపడలేదు.

మర్నాడు కోటేశ్వరమ్మ కబురు పెట్టింది. కొడుకు తిరునాళ్ళ నుంచి ఇంటికి రాలేదంట. వెళ్ళాను. బండ చుట్టూ సిమెంటుకు చిన్న బీట కూడా లేదు. ఆమె దాని మీద చెంప ఆనించి పడుకుని ఉంది. అడుగున దెబ్బ పడింది, దానికి బదులుగా ఇంకో దెబ్బ.

"ఉష్... మాట్టాడమాక," అంది. "ఇద్దరూ లెక్క కలుపుకుంటన్నారు."