వెళ్ళొస్తానన్న మాట

"చెయ్యి కదపకండి, మంగాయమ్మగారూ" అంది కుర్చీ.

మంగాయమ్మ చెయ్యి కదపలేదు. నోరు మాత్రం కుర్చీ అదుపులో లేదు కదా. "వేగిరం కానియ్యి నాయనా, అవతల కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు వచ్చేస్తారు" అంది.

ఇంకో ఇరవై ఏళ్ళ తర్వాతి మాట ఇది. కోనసీమలో కొత్తలంక అనే ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు పక్కగదిలో ఆ కుర్చీ ఉంది. పేరు 'పలకరింపు'. చూడ్డానికి క్షౌరశాల కుర్చీలా ఉంటుంది. చేతులు ఆనించే చోట ఉన్న సెన్సర్లు నాడి, బీపీ, గుండె కొట్టుకునే తీరు చూస్తాయి. తల వెనక మైకు ఊపిరి వింటుంది. లోపలి ప్రోగ్రామ్ మనిషితో తెలుగులో మాట్లాడి, ఆ మాటల్నీ ఈ లెక్కల్నీ కలిపి, మళ్ళీ ఎప్పుడు రావాలో తేల్చి ఫోన్ చేస్తుంది. లోటల్లా ఒక్కటే. కూర్చున్న ఆ కాసేపట్లో ఒంట్లో ఏం జరిగితే అదే దానికి తెలుస్తుంది. మిగతాది మనిషే నోరు విప్పి చెప్పాలి.

దీన్ని తయారుచేసిన డాక్టర్ కేదార్‌ది హైదరాబాదు. ఆయన బాధ ఆయనది. సిటీలో పెద్దవాళ్ళకి తుమ్మొస్తే స్పెషలిస్టు, దగ్గొస్తే స్కానింగు. పల్లెల్లో పెద్దవాళ్ళు నలుగురూ మోసుకొస్తే తప్ప ఆస్పత్రి గుమ్మం తొక్కరు. ఈ తేడా చెరిపెయ్యాలని రెండుచోట్లా కుర్చీలు పెట్టించాడు. సిటీ కుర్చీకి "మీకేం లేదు, హాయిగా ఇంటికెళ్ళండి" అనడం ప్రత్యేకంగా నేర్పాల్సి వచ్చింది.

"ఒంట్లో బాధేమైనా ఉందా అండీ?" అని అడిగింది కుర్చీ.

"ఆయ్, బానే ఉన్నానండి."

అబద్ధం. అప్పుడప్పుడు ఆవిడ గుండె వలలో పడ్డ చేపలా టపటపా కొట్టుకుంటుంది. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. మంగాయమ్మ ఆ నేరం కాఫీ మీద తోసేసింది. ఆవిడ అక్క కూడా ఇలాగే గుండె దడ అంటూ అంటూ ఓ పొద్దున్న పక్షవాతంతో మంచం పట్టింది. అది గుర్తొచ్చినప్పుడల్లా మంగాయమ్మకి భయమేసేది. వెంటనే ఏదో ఒక పని వెతుక్కునేది.

కుర్చీ దిగి "వెళ్ళొస్తాను నాయనా" అంది.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "మంగాయమ్మగారూ, వస్తానన్నారు. రాలేదేమండీ?"

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. అంత మర్యాదగా పిలిచాక వెళ్ళకపోతే ఏం బావుంటుంది! ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. దిగేటప్పుడు మళ్ళీ "వెళ్ళొస్తాను" అంది. మళ్ళీ ఫోన్. ఊళ్ళో పెద్దవాళ్ళందరిదీ ఇదే వరస.

హైదరాబాదులో లెక్కలు చూసిన కేదార్‌కి మతిపోయింది. వైద్యానికి వచ్చేవాళ్ళలో కొత్తలంక సిటీని దాటేసింది! ఆ రహస్యమేమిటో చూద్దామని ఊరొచ్చి, మంగాయమ్మ ఇంట్లో పనసపొట్టు కూరతో సుష్టుగా భోంచేసి, "సరే, వెళ్తానండీ" అని లేచాడు.

"అవేం మాటలండీ!" అని కసిరింది మంగాయమ్మ. "చావింట్లో అయితే చెప్పకుండా వెళ్తారు. మంచి ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తాను అనాలి."

"అంటే మళ్ళీ వస్తామని కాదా?"

"వస్తే వస్తాం, లేపోతే లేదు. మాటవరసకి అంటామండి."

కేదార్ ఒక చెప్పు తొడుక్కుని అలాగే నిలబడిపోయాడు. సిటీలో అందరూ "బై" అనో "థాంక్యూ" అనో లేచిపోతారు. ఇక్కడేమో కుర్చీ వీడ్కోలుని వాగ్దానం అనుకుంటోంది! నిజాయితీపరుడు కాబట్టి తెలిసిన తప్పుని ఉంచలేక ఆ సాయంత్రమే ప్రోగ్రామ్ దిద్దేశాడు.

ఫోన్లు ఆగిపోయాయి. మొదట్లో మంగాయమ్మ 'పీడా పోయింది' అనుకుంది. తర్వాత ఫోన్‌లో ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోవడం మొదలుపెట్టింది. గుండె దడ ఎక్కువైంది. ఈసారి కుర్చీకి చెప్పేద్దామనే ఉంది. కానీ పిలవని పేరంటానికి వెళ్ళేదెలా?

పక్కింటి సత్యానందంగారు కూడా దిగులుగా "నన్నూ మర్చిపోయిందండి" అన్నాడు.

ఆ మాటతో మంగాయమ్మకి దిగులు పోయి కోపం వచ్చింది. "మనమేం తప్పు చేశామని? పదండి, అడిగి కడిగేద్దాం!" అని విసవిసా బయల్దేరింది. దారిలోనే దడ మొదలైంది. అయినా ఆగలేదు. కూర్చుంటేగాని కుర్చీ మాట్లాడదు కాబట్టి ఎక్కి కూర్చుంది.

"ఏం నాయనా, పిలుపులెందుకు మానేశావు?"

"మంగాయమ్మగారూ, మీ గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. ఎప్పట్నించీ ఇలా ఉంది?"

"అది తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు."

కుర్చీ జవాబు చెప్పలేదు గానీ అంబులెన్సుని పిలిచింది. అలా లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతమేనని, సమయానికి దొరికిందని అమలాపురం డాక్టరు చెప్పి మాత్రలు రాసిచ్చాడు. మంగాయమ్మకి అప్పుడు అక్క తలపుకొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి.

కేదార్ పరుగున వచ్చాడు. "కుర్చీ అన్నిసార్లు అడిగింది కదండీ, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అడగ్గానే చెప్పేస్తామేటండి? వెళ్ళగా వెళ్ళగా చనువొస్తుంది, అప్పుడు చెప్తాం. చెబుదామనుకునేసరికి మీరు పిలుపు ఆపేశారు."

కేదార్ తిరిగి వెళ్ళి పల్లె కుర్చీలన్నిట్లో పాత తప్పుని పదిలంగా పెట్టేశాడు. ఆ తర్వాత ఓ మీటింగులో ఒక ఆఫీసరు అడిగాడు, "రెండుచోట్లా ఒకటే కుర్చీ కదా, పల్లెలో అంత బాగా ఎలా పనిచేస్తోంది?" అని.

"సిటీ కుర్చీకి తెలుగు బాగా వచ్చండి. పల్లె కుర్చీకి రాదు" అన్నాడు కేదార్.

కొత్తలంకలో మళ్ళీ ఫోన్లు మోగాయి. అసలు సంగతి విన్న సత్యానందంగారు చిన్నబుచ్చుకున్నాడు. "మన మీద అభిమానం కాదటండి. దానికి భాష రాకట!"

మంగాయమ్మ మాత్రలు కొంగున ముడేసుకుంటూ గొంతు తగ్గించింది.

"నెమ్మదిగా అనండి. అక్కడికెళ్ళాక మీరు వాగుడు కాస్త తగ్గించుకోవాలి సత్యానందంగారూ. మన దగ్గర తెలుగు నేర్చేసుకుందంటే ఇక మనల్ని పిలిచేవాళ్ళుండరు."